మాత్రకు మన వయసు తెలియదు

మాత్రల షీటు మీద చాలా రాసి ఉంటాయి. తయారీ తేదీ, గడువు తేదీ, ధర, కంపెనీ పేరు, పక్కన ఎర్ర గీత. మింగే మనిషి వయసెంత, బరువెంత, ఆ బరువులో కండెంత, కొవ్వెంత అన్నది మాత్రం ఉండదు. 20 ఏళ్ల కుర్రాడు మింగినా, 80 ఏళ్ల ముసలమ్మ మింగినా మాత్ర ఒకటే. లోపలికెళ్లాక మాత్రం ఇద్దరిలో కథ వేరు.

నేను ఫార్మ్-డి చదివాను. ఆరేళ్ల కోర్సు. నేను డాక్టర్నో, మెడికల్ షాపు పెట్టబోయేదాన్నో మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ తేలలేదు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. పేషెంట్లకు రాసిన మందులు ఒకదానితో ఒకటి పడతాయా, డోసు సరిపోయిందా అని చూడటం నా పని. లివర్ గురించి పరీక్షల కోసం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కానీ ఆ చదువుకు అర్థమేంటో తెలిసింది మాత్రం పోయిన దసరాకి, తెనాలి దగ్గర మా ఊళ్లో.

మా నాయనమ్మకు 79 ఏళ్లు. బరువు 44 కిలోలు. తాతయ్య పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఒక్కతే అనగానే అయ్యో పాపం అనుకోకండి. పాలవాడి లెక్క, కౌలు లెక్క, ఎవరింట్లో ఏ పెళ్లికి ఎంత చదివించాం అన్న లెక్క... అన్నీ నోటికి చెప్పే మనిషి.

దసరాకి వెళ్లేసరికి ఆ మనిషి లేదు. పొద్దున పదింటికి కూడా కళ్లు మూతలు పడుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి మా అత్త పేరుతో పిలిచింది. నుదుటి మీద నల్లగా కమిలిన మచ్చ. బాత్రూంలో పడిందట. అంతకు వారం ముందు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతే గిన్నె మాడిపోయి, పక్కింటివాళ్లు వచ్చి గ్యాస్ కట్టేశారట.

ఇంట్లో అందరూ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. "మతిమరుపు జబ్బు మొదలైందమ్మా. వయసైపోయింది కదా" అన్నాడు బాబాయ్. విజయవాడలో తన ఫ్లాట్‌కి తీసుకెళ్తానన్నాడు. ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేద్దాం అన్న మాట కూడా వచ్చింది. బాబాయ్ చెడ్డవాడు కాదు. భయపడ్డాడు అంతే. నాయనమ్మ మాత్రం ఆ మగతలోంచే ఒక్క మాట అంది: "నా ఇంట్లోంచి నన్ను కదిలించకండ్రా."

ఫోన్లో రోజూ మాట్లాడుతున్నా, ఆమె ఏం మందులు వేసుకుంటోందన్న సంగతి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. అడిగితే పాత స్వీట్ల డబ్బా ఒకటి తెచ్చిచ్చారు. చాప మీద పోసి చూశాను. బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం. ఇవి మామూలే. నిద్ర మాత్ర ఒకటి: ఆల్ప్రజోలం, 0.5 మిల్లీగ్రాములు. తాతయ్య పోయిన కొత్తలో కంటి మీద కునుకు లేదంటే ఒక డాక్టరు 15 రోజులకు రాసిచ్చారు. ఆ చీటీ చూపిస్తూనే ఏడాదిన్నరగా సాగుతోంది. ఇంకోటి ఇట్రాకొనజోల్. నడుము దగ్గర తామర లేచిందని వినాయక చవితి తర్వాత చర్మం డాక్టరు ఇచ్చిన మాత్ర.

ఆ రెండు షీట్లు పక్కపక్కన కనబడగానే నాకు విషయం సగం అర్థమైంది.

కాలువలో నీళ్లు తగ్గితే

మనం మింగే మందుల్లో చాలావాటిని లివర్ మారుస్తుంది. నీళ్లలో కరిగే రూపంలోకి తెచ్చి మూత్రంలోకో, పైత్యరసంలోకో పంపేస్తుంది. ఈ పని సాధారణంగా రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో ఎంజైములు మందు ఆకారాన్ని మారుస్తాయి. రెండో దశలో దానికి ఇంకో పదార్థాన్ని అతికించి బయటికి తోసేస్తాయి. వయసు మీదపడే కొద్దీ మొదటి దశ బాగా నెమ్మదిస్తుంది. రెండోది అంతగా తగ్గదు.

అందుకే ఒకే కుటుంబానికి చెందిన మందులు కూడా ముసలివాళ్లలో ఒకేలా ఉండవు. డయాజెపాం మొదటి దశ మీద ఆధారపడుతుంది. లొరాజెపాం నేరుగా రెండో దశకు వెళ్లిపోతుంది. రెండూ మత్తు తెచ్చేవే. కానీ పెద్దవాళ్ల ఒంట్లో ఒకటి రోజుల తరబడి ఉండిపోతుంది, ఇంకోటి కాస్త తొందరగా వదులుతుంది.

లివర్ నెమ్మదించడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాది కృష్ణా డెల్టా. కాలువలో నీళ్లు సగమే వదిలితే చివరి పొలాలకు ఏమవుతుందో మా ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. లివర్ సంగతీ అంతే. యవ్వనంతో పోలిస్తే ముసలితనానికి లివర్ సైజు 20 నుంచి 40 శాతం వరకు తగ్గుతుంది. దానికి అందే రక్తం కూడా మూడో వంతుకు పైగా తగ్గొచ్చు. మందును లివర్ దాకా మోసుకెళ్లేది రక్తమే కదా. ప్రొప్రనొలాల్ లాంటి మందులుంటాయి. పేగుల్లోంచి లివర్‌కి వెళ్లిన మొదటి చుట్టులోనే వాటిలో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. పెద్దవాళ్లలో ఆ అడ్డు వదులవుతుంది. అదే డోసు వేసుకున్నా రక్తంలోకి ఎక్కువ చేరుతుంది.

ఇదంతా చెప్తుంటే నాన్న ఒక ప్రశ్న అడిగాడు. "మొన్నేగా లివర్ టెస్ట్ చేయించాం. అన్నీ నార్మల్ అన్నారు కదా?"

చాలామందికి వచ్చే డౌటే ఇది. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లాంటివి ముఖ్యంగా లివర్ కణాలు దెబ్బతిన్నాయా అన్నది చెప్తాయి. మందుల్ని ఎంత వేగంగా మారుస్తుందో చెప్పవు. రైస్ మిల్లు గోడ బీట వారలేదని తెలిసినంత మాత్రాన ఆ మిల్లు రోజుకు ఎన్ని బస్తాలు ఆడుతుందో తెలియదుగా. కిడ్నీలకైతే క్రియాటినిన్ చూసి లెక్కకట్టి కొన్ని మందుల డోసు తగ్గిస్తారు. లివర్‌కు అలా రోజూ వాడుకునే సులువైన లెక్క ఒకటి లేదు. అందుకే అక్కడ రిపోర్టుతో పాటు మనిషిని కూడా చూడాలి.

ఒకే మాత్ర, మూడు లెక్కలు

ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటారు. ఆల్ప్రజోలం మందు వివరాల పత్రంలోనే ఈ అంకెలుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మామూలు పెద్దల్లో సగటున 11 గంటలు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో 16.3 గంటలు. ఊబకాయం ఉన్నవాళ్లలో 21.8 గంటలు. ఇవి సగటు లెక్కలు, మనిషికీ మనిషికీ బాగా తేడా ఉంటుంది.

చూడ్డానికి చిన్న తేడాలా ఉంది కదా? ఫోన్ తీసి లెక్క కట్టండి. రాత్రి పదింటికి మాత్ర వేసుకుంటే మర్నాడు రాత్రి పదింటికి, అంటే ఇంకో మాత్ర వేసుకునే వేళకి, మొదటి మనిషిలో 22 శాతం మిగులుతుంది. వృద్ధుల్లో 36 శాతం. ఊబకాయం ఉన్న మనిషిలో దాదాపు 47 శాతం. ఆ మిగిలినదాని మీదే రెండో మాత్ర పడుతుంది. దాని మీద మూడోది.

డయాజెపాం అయితే ఇంకా దారుణం. 20 ఏళ్ల వయసులో దాని హాఫ్ లైఫ్ 20 గంటలు ఉంటే, 80 ఏళ్లకు అది ఇంచుమించు 80 గంటలకు చేరుతుంది. అంటే 24 గంటల తర్వాత కూడా 80 శాతం పైగా అలాగే ఉంటుంది. రోజుకొకటి చొప్పున వేసుకుంటూ పోతే, రెండు మూడు వారాలకు కొత్త మాత్ర వేసుకోకముందే ఒంట్లో నాలుగు మాత్రలంత మందు నిల్వ ఉంటుంది. ఆవిడ వేసుకున్నది మాత్రం "రోజుకి ఒక్కటే."

1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు, ఆయన సహచరులు వృద్ధులకు పడని మందుల జాబితా ఒకటి తయారుచేశారు. బీర్స్ క్రైటీరియా అంటారు. 2023లో కూడా దాన్ని సవరించారు. ఆల్ప్రజోలం, డయాజెపాం కుటుంబాన్ని 65 దాటినవాళ్లకు వీలైనంతవరకు వాడొద్దని అందులో ఉంది. జలుబుకి మనం మామూలుగా వేసేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, అదే సీపీఎం మాత్ర, కూడా ఆ జాబితాలో ఉంది. కారణాలు అవే: మగత, తికమక, కింద పడటం, తుంటి ఎముక విరగడం.

మన దేశంలోనూ ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి, కొన్నవాళ్ల వివరాలు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. పాత చీటీతో ఏడాదిన్నర ఎలా నడిచిందని మీరు అడగొచ్చు. మీ వీధి చివర షాపులో ఎలా నడుస్తోందో అలాగే.

సన్నగా ఉంటే కొవ్వు లేనట్టేనా?

44 కిలోల నాయనమ్మకి కొవ్వెక్కడిది అనుకుంటున్నారా? నాన్న కూడా అదే అన్నాడు.

వయసుతో పాటు కండ కరుగుతుంది. ఒంట్లో నీటి భాగం తగ్గుతుంది. కొవ్వు వాటా పెరుగుతుంది. బరువు యంత్రం మీద అంకె మారకపోవచ్చు, తగ్గనూ వచ్చు. లోపల మాత్రం సరుకు మారిపోయి ఉంటుంది. డయాజెపాం లాంటి మందులు కొవ్వులో కరుగుతాయి. ఆవకాయ ముక్క నూనె పీల్చుకున్నట్టు కొవ్వు వాటిని పీల్చుకుని, తర్వాత తీరిగ్గా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. లివర్ చేతికి అంది వస్తేనే కదా అది మార్చగలిగేది. దీనికి వ్యతిరేకంగా నీళ్లలో కరిగేవి ఉంటాయి. ఒంట్లో నీళ్లు తగ్గాయి కాబట్టి అవి చిక్కబడతాయి. మద్యం అలాంటిదే. పాతికేళ్లప్పుడు ఏమీ అనిపించని మోతాదు అరవై దాటాక నెత్తికెక్కేది అందుకూ.

ఇందులో మన భారతీయుల కథ ఇంకొంచెం వేరు. పుణె డాక్టరు సి.ఎస్. యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. అచ్చంగా ఒకటే. కానీ కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చొక్కా సైజును బట్టి ఒంట్లో కొవ్వును అంచనా వేయొద్దు అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. జిమ్‌లో "స్కిన్నీ ఫ్యాట్" అని మనం నవ్వుకునేది ఇదే.

ఇక మా నాన్నకి 57. పొట్ట ఉంది. పోయినేడాది స్కాన్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. లివర్‌లో కొవ్వు చేరితే మందుల్ని మార్చే ఎంజైముల్లో కొన్ని మందగిస్తాయి, కొన్ని జోరందుకుంటాయి. చాలా మందుల్ని మార్చే సీవైపీ3ఏ4 అనే ఎంజైము పని తగ్గుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. ఆల్ప్రజోలం పని చూసేది కూడా అదే. అలాగని ఫ్యాటీ లివర్ అనగానే మాత్రలన్నీ ఆపేయమని కాదు. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లను ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో కూడా మామూలుగా వాడతారు. ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టర్ చెప్పాలి. కానీ ఆ స్కాన్ సంగతి డాక్టర్‌కి మనం చెప్పాలి.

ఆడా మగా తేడా కూడా చిన్నదేం కాదు. జోల్పిడెం అనే నిద్ర మాత్ర ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా వెళ్తుందని, పొద్దున డ్రైవింగ్ చేసేటప్పటికి కూడా మత్తు ఉంటోందని 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాళ్ల డోసును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. ఆ మందు అప్పటికి ఇరవై ఏళ్లుగా అక్కడ అమ్ముతున్నారు!

మూడో దెబ్బ

నాయనమ్మకి వయసు ఒక దెబ్బ. మారిన ఒళ్లు రెండో దెబ్బ. ఆ రెండింటినీ ఏడాదిన్నర ఎలాగో లాక్కొచ్చింది. చవితి తర్వాత మొదలైన ఇట్రాకొనజోల్ మూడోది. తామరకి మంచి మందే. కానీ అది సీవైపీ3ఏ4కి గట్టిగా అడ్డం పడుతుంది. అందుకే ఆల్ప్రజోలంతో కలిపి వాడకూడదని మందు వివరాల పత్రంలోనే స్పష్టంగా ఉంటుంది. అసలే నీళ్లు తగ్గిన కాలువకి లాకులు కూడా దించేసినట్టయింది. రోజూ వేసుకునే మాత్ర ఒకటే, ఒంట్లో పేరుకునేది మాత్రం చాలా ఎక్కువ.

చర్మం డాక్టరుకి నిద్ర మాత్ర సంగతి తెలియదు. నిద్ర మాత్ర రాసిన డాక్టరుకి తామర సంగతి తెలియదు. ఇద్దరి చీటీలూ కలిసింది ఆ స్వీట్ల డబ్బాలో ఒక్కచోటే.

పండగ మర్నాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి, ఆవిణ్ని తీసుకుని ఊళ్లో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాం. "సార్, ఈ రెండూ కలిపి వాడుతున్నారు. మగత చవితి తర్వాతే ఎక్కువైంది" అని మాత్రం చెప్పాను. ఆయన కాగితం చూసి రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత చర్మం డాక్టర్‌కి అక్కడి నుంచే ఫోన్ చేశారు. తామరకి పూతమందు చాలన్నారు. నిద్ర మాత్రని మాత్రం ఒక్కసారిగా ఆపలేదు. ఏడాదిన్నర అలవాటు పడ్డ ఒళ్లు అది. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావొచ్చు. అందుకని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. అది సులువుగా ఏం కాలేదు. మధ్యలో నాలుగైదు రాత్రులు అస్సలు నిద్రపోలేదు, అందరి మీదా విసుక్కుంది. ఆ రోజుల్లో పక్కన పడుకుంది, అదే బాబాయ్.

దీపావళికి నన్ను నా పేరుతో పిలిచింది. సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర పీట వేసుకుని కూర్చుని అందరికీ వంకలు పెట్టింది. ఇప్పటికీ ఒక్కోసారి కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది. 79 ఏళ్లకి ఆ మాత్రం ఉండదా? రాత్రి ఐదు గంటలు నిద్రపోతుంది. "ముసలాళ్లకి అంతకంటే ఎందుకే, పోయాక ఎలాగూ పడుకునేదేగా" అంటుంది. ఇల్లు అద్దెకిచ్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందరి మతిమరుపూ మాత్రల వల్లే అని నేను అనడం లేదు. నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్లు ఎందరో. కానీ "వయసైపోయింది" అనే ముందు మందుల డబ్బా చూడాలి. వయసుని వెనక్కి తిప్పలేం, డోసుని తిప్పగలం.

మరి మన సంగతి?

పాతికేళ్లవాళ్లం కదా, మనకేం అనుకోవద్దు. జ్వరం వస్తే మనం చేసే పని చూడండి. 650 పారాసిటమాల్ ఒకటి, దాంతోపాటు జలుబు మాత్ర ఒకటి. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాలే ఉంటుంది. పెద్దవాళ్లకి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. అంటే 650వి ఆరు వేసుకుంటేనే అంచుకి వచ్చేసినట్టు. 50 కిలోల లోపు ఉన్నవాళ్లకి పరిమితి ఇంకా తక్కువ, బరువును బట్టి లెక్కగట్టాలి. ఆ మందులో కొంత భాగం లివర్‌లో విషంగా మారుతుంది. గ్లూటాథయాన్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది. రెగ్యులర్‌గా తాగేవాళ్లలో, సరిగా తినకుండా ఉన్నవాళ్లలో ఆ నిల్వ తగ్గిపోతుంది. డైట్ పేరుతో రోజంతా కడుపు మాడ్చుకుని, జ్వరమొచ్చిందని మాత్ర మీద మాత్ర వేసుకోవడం అందుకే మంచిది కాదు.

ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో మన చేతిలో ఉన్న ఆయుధం ఫోనే. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మవో, తాతయ్యవో మందులన్నీ ఒక్కచోట పెట్టి ఫొటో తీసుకోండి. పూతమందులు, నాటు మందులు, పక్కింటావిడ ఇచ్చినవి కూడా. ఏది ఎప్పుడు మొదలైందో అడిగి రాసుకోండి. కొత్తగా మగత, తడబాటు, తికమక వస్తే అంతకు ముందు నెలలో ఏ మాత్ర కొత్తగా చేరిందో చూడండి. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ ఫొటో చూపించండి.

తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "డాక్టర్ గారూ, ఈ వయసుకి, ఈ బరువుకి ఈ డోసు సరిపోతుందాండీ? ఎన్నాళ్లు వాడాలి?" అడగడానికి మొహమాటపడొద్దు. మంచి డాక్టర్ ఎవరూ ఆ ప్రశ్నకి కోప్పడరు. మా నాయనమ్మయితే ఇప్పుడు మా ఎవరి కోసమూ ఆగకుండా తనే అడిగేస్తోంది.